ఉప్పునీళ్ళూ మా అమ్మ మొక్కూ

మేము తిరుపతికి కాపురం వచ్చింది తొంభైల్లో, నాయనకు రేణిగుంట గోడౌన్లో పని దొరికినప్పుడు. అద్దె ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్ళు తేటగా వచ్చాయి. మా ఊరి బావిలో ఎప్పుడూ ఏదో ఒక ఆకు తేలుతుండేది కాబట్టి వాటిని చూసి మేమంతా మురిసిపోయాం. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. ఎంతసేపు ఉడికించినా పప్పు బద్దలు బద్దలుగానే ఉండేది. సబ్బు అరిగేదేగానీ నురగ వచ్చేది కాదు. బక్కెట్లలో, చెంబు అంచున, కాఫీ కాచే గిన్నెలో కూడా తెల్లగా సున్నం పట్టేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ గిన్నెను గోటితో గీకి, "మన కడుపులో కూడా ఇట్లే పట్టుకొంటా ఉండాదేమో" అనేది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కాఫీ మింగాలంటే బెదురు.

తర్వాత నా జుట్టు రాలడం మొదలైంది. అప్పుడు తొమ్మిదో తరగతి. నడుము దాటిన జడ, దాన్ని చూసుకుని నాకు గర్వం కూడా తక్కువేమీ కాదు. తలస్నానం చేస్తే సీకాయ పొడి జిడ్డుగా తలకే అతుక్కునేది. దువ్వెన పెడితే పాయలు పాయలుగా ఊడి వచ్చేది. అమ్మ ఆ వెంట్రుకలను చుట్టచుట్టి గూట్లోని సంచిలో దోపేది.

ఒకనాడు అవ్వ ఆ సంచి చూసింది.

"ఇదేందిమే, ఇంత రాలతా ఉంటే చెప్పవే? ఆ మొక్కు తీర్చినావా నువ్వు?" అని అమ్మను అడిగింది.

అమ్మ తల వంచుకుంది. "లేదత్తా. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకొంటా వచ్చినాము."

"మనం ఇయ్యకపోతే ఆయనే తీసుకుంటా ఉండాడు. ఈ పొద్దు ఎంటికలు. రేపు?"

అంతటితో అవ్వ ఆగిపోయింది. నన్ను చూసి ఆగిందని నాకు అర్థమైంది.

నాకు ఆరేళ్ళప్పుడు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయట. పాప బతికితే దాని తలనీలాలు ఇస్తానని అమ్మ కొండకు మొక్కుకుందట. నేను బతికాను, మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ కొండ కిందికే వచ్చి పడ్డాం. మిద్దె ఎక్కితే కొండ, బడికి పోతే కొండ, బట్టలు ఆరేస్తే కొండ. అప్పులవాడి ఎదురింట్లో అద్దెకు దిగినట్టుంది మా పని. గుండు చేస్తారని ఒక భయం, చేయకపోతే చచ్చిపోతానని ఇంకో భయం. పొద్దున లేచి తలగడ మీద వెంట్రుకలు చూస్తే నా ఆయుష్షే రాలిపోతున్నట్టు ఉండేది. అన్నం సహించేది కాదు.

శనివారం కొండకు పోదామని నిశ్చయించారు. శుక్రవారం పొద్దున మా వీధికి చిక్కు వెంట్రుకలు కొనే ఆమె వచ్చింది. వెంట్రుకలిస్తే పిన్నీసులో, చిన్న స్టీలు గిన్నో ఇచ్చేది. మాది దేవుడి సొమ్ము, ఇయ్యకూడదని అవ్వ ముందే చెప్పింది. అమ్మా నేనూ ఊరికే గేటు దగ్గర నిలబడ్డాం. చూస్తుండగానే ప్రతి ఇంట్లోనుంచీ ఒక సంచి బయటికి వచ్చింది. ఎవరికి వాళ్ళు దాచుకున్నవే.

ఎదురింటి అక్క నా జడ చూసి నవ్వింది. "మీకూ మొదలయిందా? ఈ ఉప్పునీళ్ళకి ఈ వీధిలో ఎవరి తలా నిలవలేదమ్మా."

నాకు ప్రాణం లేచొచ్చింది. లోపలికి పరుగెత్తి అవ్వతో చెప్పాను. అవ్వ కూడా కొంచెం మెత్తబడి, "అయితే నిదానంగా పోదాంలే" అంది. అమ్మ మాత్రం వంటింట్లో కొళాయి కింద చెయ్యి పెట్టి, జారిపోతున్న నీళ్ళనే చూస్తోంది.

"ఎంటికలు నీళ్ళకే రాలినాయిలే" అంది నాతో. "నేను మొక్కింది ఎంటికల కోసరం కాదు గదమ్మా. ఆ పొద్దు నువ్వు నా ఒళ్ళో కట్టె మాదిరి బిగుసుకొని పోయినావు. డాక్టరు ఊర్లో లేడు. ఇంక యాడికి పోవాల్నో తెలీక కొండ దిక్కు తిరిగినాను."

ఆ గొంతు విని నాకు మళ్ళీ భయమేసింది. ఇన్నాళ్ళూ భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. అమ్మ అన్నేళ్ళలో ఒక్క పూటైనా నిశ్చింతగా ఉందో లేదో. "రేపే పోదాంమా" అన్నాను. ఏడుస్తూనే అన్నాను, జడ మీద మమకారం అప్పటికీ చావలేదు.

మర్నాడు కొండ మీద, గుండ్లు చేసే కల్యాణకట్టలో తల తడిపితే నీళ్ళు మెత్తగా జారాయి. తిరుపతికి వచ్చాక నా తలకు మంచినీళ్ళు తగలడం అదే మొదలు, అదీ జుట్టు పోయే ముందు. కత్తి కదిలినంతసేపూ అమ్మ నా పక్కనే కూర్చుని రెప్ప వేయలేదు.

దిగే బస్సులో ఘాట్ మలుపులకు తల తిరిగి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ముక్కు కింద ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే అమ్మ వేలు. నాకు ఊపిరి ఆడుతోందో లేదో చూస్తోంది.

"ఏందిమా?" అన్నాను.

"ఏం లేదు, పడుకో" అని వేలు తీసేసింది.

మొక్కు తీరింది కదా, ఇంకెందుకని అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను. మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆమెకు వినపడేలా గట్టిగా ఊపిరి పీలుస్తూ కూర్చున్నాను.