చెమర్చే కుండ

బోరు ఎండిపోయి మా ద్రాక్షతోట చివరి కాపు కాసిన ఏడాది, జార్జియా దేశంలో పెద్ద పెద్ద కుండల్ని భూమిలో పాతి వైన్ చేసే వీడియో ఒకటి ఫోన్‌లో చూశాను. ఆ దేశం ఆత్మకూరు దాటగానే వస్తుందన్నంత ధైర్యం వచ్చింది నాకు. వైన్ అమ్మి కొత్త బోరు వేయిస్తే తోట బతుకుతుంది!

మా ఊరి కుమ్మరి మామ చేత ఏనుగుపిల్ల దాక్కునేంత కుండ చేయించాను. దాన్ని పాతడానికి నేను తవ్విన గుంతను చూసి సగం ఊరు నిధి కోసమనుకుంది, మిగతా సగం నాకు పిచ్చి పట్టిందనుకుంది. పండ్లన్నీ తొక్కి, కుండ నింపి, మూతకు బంకమన్ను మెత్తాను.

మూడు నెలలాగి మూత తీస్తే లోపల ఎండిన తొక్కలూ గింజలే ఉన్నాయి.

"మామా, కుండంతా కారిపోయింది గదా!"

మామ తొంగిచూసి నొచ్చుకున్నాడు. "కారలేదప్పా, చెమర్చినాది. నీళ్లు సల్లగుండాలని మట్టిలో ఊక శానా కలిపినా. చెమర్చకుంటే అదేం కుండ?"

ఆ దేశంలో కుండ లోపల తేనెమైనం పూస్తారట. వీడియోలో ఆ ముక్క వచ్చేలోపే నేను గడ్డపార కోసం పరుగెత్తాను.

వెయ్యేళ్ల దాహమున్న మా నేల చుక్క మిగల్చకుండా తాగేసింది. గుంత పక్కన పిడికెడు మట్టి తీసి వాసన చూశాను. కమ్మగా ఉంది. మామకూ చూపించాను. ఆయన తల తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి తీగలు కొట్టేయడం మొదలుపెట్టాను.