మలుపుల్లో పాడే డ్రైవరు

"కన్నమ్మక్కకు తెలిస్తే మన పాపను ఇంక చూసుకోదేమో."

సుందరరాజులు భార్యతో ఈ మాట అనడం ఆ వారంలో నాలుగోసారి. తిరుత్తణి హైస్కూల్లో సైన్సు చెప్పే అతను ఒక తెలుగు పత్రికకు థ్రిల్లరు సీరియల్ రాస్తున్నాడు. మొదటి వారమే ఎవరో బ్రేకులు పాడుచేసిన లారీ లోయలో పడి, డ్రైవరు చచ్చిపోతాడు. పక్కవీధి కన్నమ్మ భర్త తంగరాజు మూడేళ్ల కిందట బ్రేకులు పట్టక, లారీతో సహా అలాగే లోయలో పడి చనిపోయాడు. అప్పట్నించి ఆమె చేత్తో పూలు కడుతూ, కాలితో ఉయ్యాల ఊపుతూ, ఉద్యోగాలకు పోయేవాళ్ల బిడ్డల్ని సాకుతోంది.

ఆ సాయంత్రం పాపకోసం వెళ్తే, కన్నమ్మ ఒళ్లో ఆ పత్రికే ఉంది. తమిళ బడిలో చదివే కూతురు కూడబలుక్కుంటూ చదివి వినిపించిందట.

"మా ఆయన్నే చంపినారు గదా అయ్యవారూ?"

"తప్పయిపోయిందక్కా. సీరియల్ ఆపేస్తాను."

"ఆపేది యాల? అరపేజీలో పోయినాడు, అదే బాగలేదు. మా ఆయన ప్రతి మలుపులోనూ పాడేవాడు. ఆ గొంతు తట్టుకోలేక క్లీనరు చెవుల్లో దూది పెట్టుకునేవాడు."

ఆమె భర్త పాడే పాటొకటి అదే అపశ్రుతితో పాడి చూపించింది. ఉయ్యాల్లో పాప కిలకిలా నవ్వింది. సుందరరాజులూ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎట్ల పోయినాడో ఊరంతా చెప్తారు. చంపే ముందు మనిషిని ఒక పూటన్నా బతకనీండి" అంటూ కన్నమ్మ పాపను చేతికిచ్చింది.

అప్పట్నించి సుందరరాజులు కథల్లో చావబోయే ప్రతి మనిషికీ ఒక పూట బతుకుంటుంది.