హీలియం పాఠం కోసం ధర్మవరానికి రెండుసార్లు

ధర్మవరం డిగ్రీ కాలేజీలో ఆ రోజు నేను ఒక అమ్మాయిని అందరి ముందూ నవ్వులపాలు చేశాను. ఆమె అడిగింది సరైన ప్రశ్న. తప్పు నాది.

బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. విద్యుదావేశమున్న పరమాణువులను, అంటే అయాన్లను, చల్లబరిచి, బంధించి, సన్నని పుంజంగా వదులుతాం. పరమాణువుల బరువును అతి కచ్చితంగా కొలిచేవాళ్లకు అలాంటి పుంజం కావాలి. దాని గురించి మాట్లాడమని పిలిస్తే పొద్దున్నే రైలెక్కాను. హిందూపురంలో ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాను. పెనుకొండ కొండలు చూస్తూ కూర్చున్నానే తప్ప, వేరొకరి దగ్గర తీసుకున్న స్లైడ్లను ఒక్కసారైనా సరిచూసుకోలేదు. పదిన్నరకు ధర్మవరంలో దిగి, ఆటోలో కాలేజీ చేరాను.

ఒక స్లైడులో, అయాన్లను చల్లబరిచే మా పెట్టె ఫొటో కింద "అతిచల్లని హీలియం" అని ఉంది. రెండో వరుసలో భారతి అనే అమ్మాయి లేచింది.

"సార్, ఫొటోలో పెట్టెను చల్లబరిచేది ఏమీ లేదు కదా. హీలియం గది వేడిలోనే ఉంటే అయాన్లు ఎట్ల చల్లబడతాయి?"

"ముందు పాఠం చదువుకొని రామ్మా," అన్నాను. తరగతంతా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో, మధ్యాహ్నం మూడు గంటల ప్యాసింజరులో నా ఎదురు సీట్లో ఆమే కూర్చుంది, పక్కన వాళ్ల నాయన. ఆయన పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర గొర్రెలు పెంచుతాడు. కూతురిని ఎమ్మెస్సీకి బెంగళూరు పంపాలా, కార్ల ఫ్యాక్టరీలో చేర్చాలా అన్నది తేల్చుకోవడానికే వచ్చి, వెనక నిలబడి నా ప్రసంగమంతా విన్నాడట.

"పెద్దసారే ఎగతాళి చేసినాక ఇంకేం చదువు? సోమవారం ఫ్యాక్టరీకి పో," అన్నాడు కూతురితో.

"ఊరుకో నాయనా, సారుకు వినపడతాది."

"వినపడాలనే చెప్తాండా."

ల్యాప్‌టాప్ తెరిచి ఫొటో చూశాను. రోజూ నా చేతులతో ముట్టుకునే పెట్టె. మా హీలియం ఉండేది గది వేడిలోనే.

"తప్పు నాదేనప్పా," అని ఆయనకు చెప్పాను. అయాన్లు మహా వేగంగా వస్తాయని, వాటి ముందు గదిలోని హీలియం నెమ్మదైనదేనని, దాన్ని మళ్లీ మళ్లీ గుద్దుకొని వేగం పోగొట్టుకుంటాయని వివరించాను. పక్కలకు చెదరకుండా నాలుగు కడ్డీల మధ్య విద్యుత్తు కాపు కాస్తుంది. నెమ్మదించి ఒకచోట చేరాక, గుంపుగా ఒక్కసారే వదులుతాం.

"దొడ్డి మాదిరే. బెదిరిన గొర్రెలుంటే మేమూ తడక తీయం," అన్నాడు. తర్వాత నన్నే చూస్తూ, "అయితే మా పాప అడిగింది సరేనా?"

"సరైనదే."

"ఈడ చెప్తే ఏం లాభం సారూ? నగినోళ్లంతా ఆడుండారు."

నా టికెట్టు బెంగళూరు దాకా ఉంది. వాళ్లతోపాటే పెనుకొండలో దిగేశాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఐదు వందలు. ఫ్యాను చప్పుడు ఎక్కువ, దుప్పటి శుభ్రం. అక్కడి నుంచే కాలేజీ లెక్చరర్‌కు ఫోన్ చేసి, మర్నాడు మొదటి గంట అడిగాను.

పొద్దున ముగ్గురం బస్సులో ధర్మవరం వెళ్లాం. "నిన్న నా స్లైడు తప్పు. నేనన్న మాట ఇంకా పెద్ద తప్పు," అని తరగతికి చెప్పి, సుద్దముక్క భారతికిచ్చి, రెండో వరుసలో కూర్చున్నాను.

ఆమె నాలుగు కడ్డీలూ గీసి చక్కగా చెప్పింది. వెనక నుంచి ఒకడు, "హీలియమే ఎందుకు, మామూలు గాలి పనికిరాదా?" అన్నాడు.

భారతి ఆ ప్రశ్నను బోర్డు మూలన రాసుకుంది. "నాకు తెలీదబ్బా. కనుక్కొని చెప్తా."

నిన్న నేను అనాల్సిన మాట అది.

వరండాలో వాళ్ల నాయన నన్ను ఆపాడు. "బెంగళూరులో ఆడపిల్లోళ్ల హాస్టలు యాడుంటాది సారూ?"

"చూపిస్తా రండి," అన్నాను. మధ్యాహ్నం బండికి మూడు టికెట్లు తీసుకున్నాను.