దుమ్ము లేని రాయి

2023లో నేను నంద్యాలలో ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక చిన్న సంస్థలో టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అదే పని. ఆడమనిషి నిచ్చెనెక్కి కేబుల్ లాగుతుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసేది. ఆ చూపులు నాకు ఎప్పుడో అలవాటైపోయాయి. ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ నాకే అంటగట్టేవారు, ఎందుకంటే అంతదూరం బస్సులో పోయి రావడానికి మావాళ్లకు బద్ధకం.

ఆ ఏడు మమ్మల్ని ఎక్కువగా తిప్పినవి స్ట్రీమింగ్ గేములు. ఈ గేమ్ మన ఇంట్లో నడవదు. ఎక్కడో దూరాన ఒక పెద్ద కంప్యూటర్లో నడుస్తుంది, మన టీవీకి దాని బొమ్మ మాత్రమే వస్తుంది. మనం నొక్కిన బటన్ అక్కడికి పోవాలి, మారిన బొమ్మ తిరిగి రావాలి. ఆ రాకపోకల్లో జరిగే ఆలస్యాన్ని ల్యాగ్ అంటాం. అది రాకుండా చూడ్డానికి టీవీకి తగిలించే పెట్టెలో ఆటో మోడ్ ఉంటుంది. నెట్ నెమ్మదించిందని తెలియగానే అది తనంతట తానే రిజల్యూషన్ తగ్గిస్తుంది, అంటే బొమ్మ స్పష్టత దించేసి ఆట ఆగకుండా నడిపిస్తుంది. కుర్రకారుకు కావలసిందీ అదే. బొమ్మ మసకబారితే ఎవరూ పట్టించుకోరు. పరుగెత్తేవాడు మధ్యలో నిలబడిపోతే మాత్రం మా ఆఫీసుకు తిట్లు. అందుకే మేమంతా గేమ్‌లో నాలుగు అడుగులు పరుగెత్తించి చూసి, ఆగకపోతే పని అయిపోయిందనుకునేవాళ్లం.

వీరాచారి గారింటికి పోయినప్పుడు కూడా ఆట ఆగడం లేదని మాత్రమే చూసి వచ్చాను. ఆయన ఆళ్లగడ్డలో పేరున్న శిల్పి. వయసులో ఉన్నప్పటి నుంచీ రాయి చెక్కి చెక్కి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. విగ్రహాలు చెక్కే షెడ్డు గడప తొక్కొద్దని డాక్టర్లు చెప్పేశారు. సగం చెక్కిన విగ్రహాలు బయట టార్పాలిన్ పట్టాల కింద ఉండేవి. ఆయన లోపల ముక్కులో గొట్టంతో, పక్కన గుర్రుమనే ఆక్సిజన్ యంత్రంతో కుర్చీలో కూర్చుని ఉండేవారు. చేతిలో గేమ్ కంట్రోలర్.

కూతురు సరళ బడిలో టీచరు. ఆ గేమ్ తెచ్చిపెట్టింది ఆమే. అందులో రాయి ఇస్తారు, ఉలి, సుత్తి ఇస్తారు, మనకు కావలసింది చెక్కుకోవచ్చు. "ఊరూరి దేవుళ్లను చెక్కినాడు గానీ, నన్నెప్పుడు చెక్కుతావని మాయమ్మ అడిగితే రేపు రేపు అనేవాడక్కా. అమ్మ పోయింది. ఇప్పుడు కూర్చున్నాడు" అంది సరళ. టీవీలో ఒక ఆడమనిషి ముఖం సగం రాయిలోంచి బయటికి వచ్చి ఉంది.

వారం తిరక్కుండానే మళ్లీ ఫోన్. ఈసారి పెద్దాయనే మాట్లాడారు. వెళ్లి, ఆట ఆగుతోందా అని అడిగాను.

"ఆగితే ఆగనీమ్మా. రాయి కాడ నాకు తొందరేముండాది? ఉలి పెడతానే మొగం కరిగిపోతాంది. యాడ కొడతాండానో నాకే తెలీడంల్యా."

చెక్కండి చూస్తానని పక్కన కూర్చున్నాను. ఆయన సుత్తి వేశారు. తెరమీద రాతిదుమ్ము గుప్పున లేచింది. ఆ దుమ్ములో ప్రతి రేణువూ కదులుతుంది కాబట్టి బొమ్మ మొత్తం ఒక్కసారిగా మారిపోతుంది. అంత సమాచారాన్ని వాళ్లింటి నెట్ మోయలేదు. వెంటనే ఆటో మోడ్ స్పష్టత దించేస్తోంది. దాని తప్పేం లేదు, ఆగకుండా నడపమని కదా మనం చెప్పింది. నేను తెరకంటే ఆయన్నే ఎక్కువ చూశాను. టీవీలో దుమ్ము లేచినప్పుడల్లా ఆయన పెదాలు బిగించి ఊపిరి పట్టుకుంటున్నారు. గేమ్ దుమ్ముకు ఊపిరి పట్టడమేమిటని నవ్వు రావాలి నిజానికి. నేను మాత్రం ఆయన చేతిలోంచి కంట్రోలర్ తీసుకున్నాను.

సెట్టింగుల్లో ఎఫెక్ట్స్‌కి పోయి దుమ్మును ఆపేశాను. రిజల్యూషన్ తగ్గకుండా కట్టేశాను. నెట్ తగ్గితే ఫ్రేమ్ రేట్ మాత్రమే తగ్గించుకోమని ఆటో మోడ్‌కి చెప్పాను. ఫ్రేమ్ రేట్ అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తాయన్న లెక్క. అది తగ్గితే ఉలి ఆగి ఆగి కదులుతుంది, ముఖం మాత్రం చెరగదు.

కంట్రోలర్ తిరిగి ఇచ్చాను, ఆయన మళ్లీ సుత్తి వేశారు. ఇంకోసారి వేశారు. "దుమ్మేదిమ్మా?" అన్నారు.

ఆపేశానని చెప్పాను. ఆయన మరో దెబ్బ వేసి చూశారు. "దుమ్ము ల్యాకుండా రాయి చెక్కడం ఇదే మొదులుమ్మా" అని తుండుతో ముఖం తుడుచుకున్నారు. సరళ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ముఖంలో ముక్కు, పెదాలు, ముక్కుపుడక అన్నీ వచ్చాయి, కళ్లు మాత్రం రాలేదు. మేం చర్చికి పోయేవాళ్లం, నాకు విగ్రహాల పద్ధతులు తెలియవు. అందుకే అడిగాను. కళ్లు చివర్న తెరుస్తామని, తెరిచిన విగ్రహం తొలిచూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెడతామని ఆయన చెప్పారు. ఇప్పుడిక ముఖం కరగదు, నిదానంగా పూర్తి చేసుకోండి అన్నాను. తల ఊపారు. మంచి పని చేశానని బస్సులో నాలో నేనే మురిసిపోయాను.

కొన్ని వారాల తర్వాత సరళ ఫోన్ చేసింది. నంద్యాల ఆసుపత్రిలో నాన్న పోయాడని, పెట్టె తీసుకుపొమ్మని చెప్పింది. దినాలు అయ్యాక వెళ్లాను. టీవీ పెట్టి చూపించింది. వెంట్రుకల పాయలు, చెంప మీద చిన్న మచ్చ, నవ్వబోయి ఆపుకున్నట్టున్న పెదవి, అన్నీ ఉన్నాయి. కళ్లు తెరవలేదు. మళ్లీ మసకబారిందా, నాకెందుకు ఫోన్ చేయలేదని సెట్టింగులన్నీ తిరగేశాను. అన్నీ నేను పెట్టినట్టే ఉన్నాయి.

"బాగా కనపడతానే ఉన్నిందక్కా. రోజూ ఉలి కంటికాడికి తెచ్చేటోడు, మళ్లీ తీసేటోడు. తెరువు నాయనా అని నేనే గొడవపెట్టుకున్నా. ‘కండ్లు తెరిస్తే మీయమ్మ తొలిచూపు నా మీదే పడతాది పాపా. ముక్కులో ఈ గొట్టంతో నన్ను సూడాల్నా?’ అన్నాడు. అద్దం పెడదాంలే అన్నా. ‘మీయమ్మకు మొగం సాటేసే మనిషినా నేను’ అన్నాడు."

కావాలంటే నువ్వు తెరవచ్చు కదా అన్నాను. సరళ తండ్రి కుర్చీ వైపు చూసింది. ఆక్సిజన్ యంత్రం తీసేశాక ఆ గదిలో చప్పుడే లేదు.

"ఇప్పుడు తెరిస్తే అమ్మకు ఆ ఖాళీ కుర్చీ కనపడతాదక్కా. అట్లే ఉండనీలే."

పెట్టె తీయకుండానే వచ్చేశాను. మనిషికి ఏం కావాలో పెట్టె కనిపెట్టలేదని ఆ ఇంట్లో తెలుసుకున్నాను. అడ్డంకులన్నీ తీసేసినా కొన్ని పనులు పూర్తి కావని కూడా అక్కడే తెలిసింది. అప్పట్నుంచి ఏ ఇంటికి పోయినా, ఆటో మోడ్ ముట్టుకునే ముందు ఏది తగ్గకూడదో చెప్పమని అడుగుతాను. కుర్రాళ్లు నవ్వి, ఆగకుంటే చాలక్కా అంటారు. సరేనని అలాగే పెట్టేసి వస్తాను.