ఆటో బండికి కాలి గేరు

ఒక మనిషికి తన కాలి మీద ఉన్న నమ్మకాన్ని నేను పోగొట్టాను. ఐదారేళ్ళు ఈ మాటను లోపలే పెట్టుకుని తిరిగాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఊళ్ళో నన్ను పని తెలిసినవాడంటారు, మాట మీద నిలబడేవాడంటారు. అలా అన్న ప్రతిసారీ తల దించుకుని చేతిలో ఉన్న పానా వైపు చూస్తాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నాది కవితాళలో మోటారు సైకిళ్ళు బాగుచేసే షాపు. పుట్టింది, పని నేర్చుకున్నది రాయచూరులో. పెళ్ళయ్యాక ఇటు వచ్చి స్థిరపడ్డాను. చుట్టూ కాలువ కింద వరి పండించే ఆంధ్ర రైతుల క్యాంపులు ఉన్నాయి. వాటిలో ఒక క్యాంపులో ఉంటాడు నేను చెప్పబోయే పెద్దాయన. చిన్న వడ్లమిల్లు ఉంది కనుక మేమందరం సావుకారు అని పిలుస్తాం. పేరు రాయను. బండ్లంటే ఆయనకు ప్రాణం. షాపు ముందు నుంచి వెళ్తూ, లోపల తిరుగుతున్న ఇంజన్ చప్పుడు విని "చెయిన్ వదులైందయ్యా" అని అరిచి పోయేవాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది.

ఒక వేసవిలో ఆయనకు కొద్దిగా పక్షవాతం తగిలింది. కాలు తొందరగానే కోలుకుంది. ఎడమ చేతి వేళ్ళలో మాత్రం బలం తిరిగి రాలేదు. క్లచ్ పట్టలేడు. పాతికేళ్ళుగా నడిపిన పాత బండిని మిల్లులో గోడకు ఆనించేశారు. తండ్రి దిగులు చూడలేక కొడుకు బెంగళూరులో ఎవరో వాడిన పెద్ద బండి ఒకటి కొని తెచ్చాడు. దానికి క్లచ్ ఉండదు. గేర్లు వాటంతటవే మారతాయి, అందుకే ఆటో బండి అంటాం. మనమే మార్చుకోవాలంటే ఎడమ హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే బటన్లు ఉంటాయి. ఆ బొటనవేలే ఆయనకు పనిచేయదు.

నెల తిరగకముందే బండి నా షాపు ముందు ఆగింది. వెనక సీటు మీద నుంచి ఆయన భార్య దిగింది.

"ఇదేం బండయ్యా మేస్త్రీ? ఎవరో చంకనేసుకుని తిప్పుతున్నట్టుంది. నేనేమన్నా చంటిపిల్లాడినా?" అన్నాడాయన. "నా ఎడం పక్కంతటికీ ఇప్పుడు పనికొచ్చేది ఈ కాలొక్కటే. దానికి గేరు పెట్టు."

"మిల్లు చాలదని కాలికి కూడా పని కావాలంట ఈయనకి," అంది ఆవిడ.

అలాంటి బండికి తర్వాత బిగించుకునే కాలి గేరు కంపెనీ వాళ్ళే తయారుచేస్తారని కొడుకు కనుక్కున్నాడు. తెప్పించాడు కూడా. పెట్టెలో ఒక పెడల్, ఒక కడ్డీ, ఒక చిన్న కరెంటు స్విచ్ ఉన్నాయి. పెడల్ నొక్కితే కడ్డీ కదులుతుంది, కడ్డీ స్విచ్చును తిప్పుతుంది, స్విచ్చు బండికి కబురు చెబుతుంది. పెద్ద విద్య కాదు. కానీ ఒక చిక్కు ఉంది, దాన్ని సావుకారే ముందు పట్టుకున్నాడు. మా దగ్గర పాత తరం అంతా నేర్చుకున్న చిన్న బండ్లలో గేర్లన్నీ కాలి ముందుభాగంతో కిందికి నొక్కడమే. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నీ కిందికే. పెద్ద బండ్లలో అలా కాదు. పై గేరుకు పోవాలంటే వేళ్ళతో పెడల్‌ను పైకి ఎత్తాలి. కిందికి నొక్కితే గేరు తగ్గుతుంది.

"ఈ వయసులో నా కాలికి కొత్త చదువు చెప్పలేను. అన్నీ కిందికే పెట్టు," అన్నాడు.

పెడతానన్నాను. ఎదుటి టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళు వింటున్నారు. వాళ్ళలో ఒకతను, "అరే ఉస్తాద్, ఆటో బండికి గేరా? హెలికాప్టర్‌కు ఎద్దులు కట్టినట్టే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అది నాకు గుచ్చుకుంది. ఇంత పెద్ద బండి మీద చెయ్యి వేసినవాడు ఈ చుట్టుపక్కల ఎవడూ లేడు. సాయంత్రానికల్లా చేసి చూపిస్తానని అందరి ముందూ అన్నాను.

కంపెనీ చెప్పినట్టు బిగించడం గంటలో అయిపోయింది. గేర్లు తిరగేయాలంటే స్విచ్చుకున్న చిన్న చెయ్యిని, అంటే లివరును, అవతలి వైపుకు తిప్పి పెట్టాలి. తిప్పి చూస్తే అది చట్రానికి తగులుతోంది. మధ్యలో ఒక ఇనుప పట్టీ పెట్టి కొద్దిగా బయటికి జరపాలి. మాన్విలో లేత్ మిషను ఉన్నతనికి ఫోన్ చేశాను. అరకేరలో బంధువుల పెళ్ళిలో ఉన్నానన్నాడు. ఎల్లుండి రమ్మన్నాడు.

సాయంత్రమైంది. సావుకారు వచ్చాడు. టీ కొట్టు దగ్గర అదే మనుషులు ఉన్నారు.

"ఏవయ్యా, పాత బండి లాగానే పెట్టావు గదా? అన్నీ కిందికేనా?"

"అన్నీ కిందికే పెట్టిన సావుకారూ."

అంతే. ఆ మాట ఎందుకన్నాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. కాలేదు, ఎల్లుండి రండి అంటే ఏం పోయేది? ఆయన ఏమీ అనేవాడు కాదు. టీ కొట్టు దగ్గర ఇంకోసారి నవ్వేవాళ్ళు, అంతే. ఆ ఒక్క నవ్వును తప్పించుకోవడానికి నోరు దానంతట అదే కదిలింది. పైగా తెలివి కూడా చూపించాను. "రెండు దినాలు గేర్లు ఆటోకే వదిలి నడపండి. కొత్త సామాను, సెట్ కావాలె. తర్వాత కాలు పెట్టండి," అన్నాను. సెట్ కావలసింది ఏమీ లేదు. ఎల్లుండి ఏదో సాకుతో బండి తెప్పించుకుని, తిరగేసి, ఎవరికీ తెలియకుండా సరిచేద్దామని నా లెక్క.

ఆయన మర్నాడే కాలు పెట్టాడు. పెట్టకుండా ఎలా ఉంటాడు? అంత ఆశపడి చేయించుకున్నవాడు.

కోతల కాలం. కాలువ రోడ్డు మీద సగం వెడల్పున వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా దగ్గర అది మామూలే. వెనక భార్యను కూర్చోబెట్టుకుని వస్తున్నాడు. ముందు పోతున్న ట్రాక్టరును దాటాక పై గేరు వేద్దామని అలవాటు ప్రకారం కిందికి నొక్కాడు. గేరు తగ్గింది. ఇంజన్ గట్టిగా అరిచి బండి గుంజింది. గేరు పడలేదేమో అనుకుని మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తగ్గింది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకున్నట్టయి, వడ్ల మీద జారి పక్కకు పోయింది. ఆయనకు మోచెయ్యి గీరుకుంది. ఆవిడకు తుంటి ఎముక విరిగింది.

వాళ్ళను రాయచూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. బండిని ట్రాక్టరు ట్రాలీలో వేసి నా షాపుకు తెచ్చి దించారు.

ఇంతవరకు చేసినది అబద్ధం. ఆ తర్వాత చేసినదానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. షట్టరు సగం దించాను. ఒక ఇనుప పట్టీ తీసుకుని రంపంతో కోశాను, ఆకురాయితో అరగదీశాను, రెండు చిల్లులు పెట్టాను. స్విచ్చు చెయ్యిని తిరగేసి బిగించాను. చట్రానికి తగల్లేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకముందే అయిపోయింది. లేత్ మిషను అక్కరలేదు. పెళ్ళి నుంచి ఎవరూ రానక్కరలేదు. ముందురోజు నేనే చేసుకోగలిగిన పని అది. ఆకురాయి పక్కన పెడుతుంటే ఆ సంగతి తెలిసింది. అప్పుడైనా ఆగలేదు. పట్టీ మీద నూనె, దుమ్ము కలిపి పూశాను, కొత్తగా కనిపించకుండా.

వారం తర్వాత కొడుకు తండ్రిని తీసుకుని వచ్చాడు. కొడుకుకు అనుమానం ఉంది. నా మీదే ఉందనుకుంటాను. గేరు ఎలా ఉందో చూపించమన్నాడు. బండిని స్టాండు మీద పెట్టి, ఇంజన్ తిప్పి, వెనక చక్రం గాలిలో తిరుగుతుండగా "నొక్కి చూడండి" అన్నాను.

సావుకారు వంగి, కుడి చేత్తో పెడల్‌ను తనే నొక్కాడు. మీటరు మీద ఒకటి రెండైంది. మళ్ళీ నొక్కాడు. మూడైంది. నాలుగు దాకా నొక్కి చూశాడు.

"చూశావుగా నాన్నా," అన్నాడు కొడుకు, మెత్తగానే.

ఆయన లేచి నిలబడి తన ఎడమ కాలు వైపు చూసుకున్నాడు. చెప్పులోంచి పాదం బయటకు తీసి వేళ్ళు కదిలించి చూశాడు. "అయితే నేనే కిందికి నొక్కబోయి పైకెత్తానన్నమాట," అన్నాడు. తర్వాత నాతో, "నువ్వు సరిగ్గానే పెట్టావయ్యా. రెండ్రోజులు ఆగమన్నావు కూడా. నాకే బుర్ర తిరిగింది."

నోరు విప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నేను విప్పాను కూడా. "అయితుంటది సావుకారూ. పెయి బాగ లేనప్పుడు గిట్లనే తికమకైతది," అన్నాను.

అన్నాను. ఓదార్పు లాగా అన్నాను.

ఆ రోజు నుంచి ఆయన బండి ఎక్కలేదు. బండి మానేస్తే మానేశాడు, అందులో వింతేముంది? పెద్దవాడు. కానీ అక్కడితో ఆగలేదు. మిల్లు మోటారు స్టార్టరు దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపి ఆగిపోయేవాడు. ట్రాక్టరు ఎక్కనన్నాడు. ఒకసారి వాళ్ళ పంపు దగ్గరకు వెళితే, ఇరవై ఏళ్ళుగా తిప్పుతున్న వాల్వు పట్టుకుని, "ఇటేనా తిప్పాల్సింది?" అని నన్ను అడిగాడు. ఇటే అన్నాను. తిప్పాడు. నా వైపు చూసి కృతజ్ఞతగా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు కనిపిస్తుంది. పక్షవాతం వేళ్ళనే తీసుకుంది. మిగిలినదంతా నేను తీసుకున్నాను.

ఆయన భార్య కర్ర పట్టుకుని నడుస్తుంది. ఆవిడే ఒకసారి నాతో అంది: "తుంటి విరిగింది నాకు, నడక మానేసింది ఈయన."

ఈ వేసవిలో వెళ్ళి చెప్పేశాను. మిల్లు వసారాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కూర్చోకుండానే, వాకిట్లో నిలబడే చెప్పాను.

"ఆ దినం నేను అబద్ధం చెప్పిన. గేరు ఉల్టా ఉండె. మీరు పడ్డంక తిరగేసి పెట్టిన. మీ కాలు తప్పు తొక్కలే సావుకారూ."

ఆయన నవ్వాడు. 

"మా ఆవిడ చెప్పమందా?"

"లేదు. ఒట్టు."

"నా చేత్తో నేనే నొక్కి చూశాను గదయ్యా. అంకె పైకెళ్ళింది. ఇప్పుడు ఈ చేతిని కూడా నమ్మొద్దంటావా?"

 చెప్పినదే మళ్ళీ చెప్పాను. ఇనుప పట్టీ గురించి, రంపం గురించి, పూసిన నూనె గురించి చెప్పాను. ఆయన తలూపుతూ విన్నాడు, పిల్లవాడు కల్పించిన కథను పెద్దవాళ్ళు వినే తీరున. "ముసలాడి మనసు బాగుచెయ్యాలని ఎంత దూరం ఆలోచించావయ్యా," అన్నాడు. లోపలికి కేకేసి నాకు మజ్జిగ ఇమ్మన్నాడు. ఆవిడ కర్రతో నెమ్మదిగా వచ్చి ఇచ్చింది. నేను ఆ మజ్జిగ తాగాను. ఎందుకు తాగానో తెలియదు. గ్లాసు వెనక్కి ఇచ్చి వచ్చేశాను.

నిజం కూడా ఆయన దగ్గరికి నా మంచితనం లాగానే చేరింది. నేను దాన్ని అంత గట్టిగా మూసిపెట్టాను మరి. ఆయన తనను తాను అనుమానించడం నేర్చుకున్నది నా దగ్గరే. ఇప్పుడు వద్దంటే మానడం లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పేరు పెట్టలేదు గానీ దాక్కోవడం లేదు. కాలి గేరు పెట్టిన ఆటో బండి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఇది అచ్చయి ఆయన కొడుకు చదివితే మూడో పేరాకే గుర్తుపడతాడు. బండి ఇంకా మీ మిల్లులో టార్పాలిన్ కింద ఉంది బాబూ. పెడల్ వెనక స్విచ్చు దగ్గర ఒక ఇనుప పట్టీ ఉంటుంది. బట్టతో నూనె తుడువు. దాని అంచుల మీద ఆకురాయి గీతలు కనిపిస్తాయి. కంపెనీ సామానుకు అలాంటి గీతలు ఉండవు. అవి నా చేతివి. మీ నాన్న నా మాట వినడు. నీ మాట వింటాడేమో. ఆ తర్వాత నన్ను ఏం చేయాలో నువ్వే చూసుకో.

క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆయన వెంటనే క్షమిస్తాడు, జరగనిదానికి క్షమించినట్టు, మజ్జిగ ఇచ్చి మరీ. అది నాకు వద్దు. రాయడం అయ్యాక మాత్రం ఊపిరి కొంచెం లోపలి దాకా పోతోంది. అంతకంటే నాకు రావలసింది ఏమీ లేదు.

ఆ రోజు కాలువ రోడ్డు మీద ఆ కాలు ఏ పొరపాటూ చేయలేదు. నా మాట నమ్మి కిందికి నొక్కింది.