తీగలు ఊడదీశాక

పలాసలో ఆంప్లిఫయర్లు బాగుచేసే మా బావ ఏ స్పీకరునైనా ముందు అరచెయ్యి ఆనించి చూసేవాడు. "సెవి మోసపోతాది గానీ సెయ్యి మోసపోదు" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సోంపేటలో ఒక జీడిపప్పు వ్యాపారి పోయాడు. ఆయన విదేశీ స్పీకర్లకు వెల కట్టమని భార్య కబురు పెడితే నేనూ బావతో వెళ్ళాను. అవి పెట్టెలు కావు, తలుపు రెక్కల్లాంటి పలకలు. లోపల పల్చటి పొర ఆడితే పాట వస్తుందట. మేము తీసుకెళ్ళిన చిన్న ఆంప్లిఫయరుకు అవి గొణిగాయంతే. ఆంప్లిఫయరు మాత్రం కాలిపోయేంత వేడెక్కింది.

"ఇయి కరెంటు తెగ తాగుతాయమ్మా. పెద్ద ఆంప్లిఫయరు ఉన్నోడికి బంగారం, లేనోడికి రెండు సెక్కలు. సూసి అమ్ము" అన్నాడు బావ.

తీగలు ఊడదీశాక అలవాటుగా మళ్ళీ చెయ్యి ఆనించాడు. అతని ముఖం పాలిపోయింది.

"ఇంకా ఆడతంది. ఎవులో దగ్గుతున్నట్టుంది."

నేనూ ఆనించాను. నాకేమీ తెలియలేదు.

ఆవిడ కాఫీ గ్లాసులు కింద పెట్టేసింది.

"నీకూ తెలిసిందా బాబూ? మా ఆయన దగ్గుతోనే పోనారు. నాకే మతి సెడిందనుకున్నాను" అంటూ పలకకు చెంప ఆనించింది. "ఇంక అమ్మనులే."