కన్ను పెట్టని తాబేలు

మా డ్రాయింగు అయ్యవారు పోయారని కడప నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పి వెళ్లాడు. నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. సుద్దముక్క బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసట, అంతే. బడిలో మా ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే ఉండేవి. ఆ పక్క కుర్చీ వైపు చూడ్డానికి ఇప్పటికీ మనసు రావడం లేదు.

మాది పెన్న ఒడ్డు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో ఇసుకే. తాగే నీళ్లకు చెలమలు తవ్వుకునే ఊళ్లో ఉంటూ ఆయన సముద్రం కోసం బాధపడేవారు. వింటే నవ్వొస్తుంది, నేనూ నవ్వాను. వయసులో ఉండగా డ్రాయింగు పరీక్షకని మద్రాసు వెళ్లి, తెల్లారుజామున సముద్రపు ఒడ్డున ఒక తాబేలును చూశారట. అది గుడ్లు పెట్టి నీళ్లలోకి తిరిగిపోతుంటే, వెనకాలే మనుషులు ఆ గుడ్లు తవ్వి గంపకెత్తుకున్నారట. "అది వెనక్కి తిరిగి చూడలేదప్పా. మన మీద అంత నమ్మకం దానికి" అనేవారు. 

మా ఊళ్లో నూలుకు రంగులేసే ఇళ్లున్నాయి. మిగిలిన రంగునీళ్లన్నీ ఏట్లోకే. తాగే చెలమలు ఎగువన ఉన్నాయి కాబట్టి దిగువన ఏం పోసినా ఎవరికీ పట్టేది కాదు. ఆయనకు పట్టింది, ఏట్లో పోసిందంతా వరదతో సముద్రంలోకే పోతుందని. రేవు దగ్గర పాడుబడ్డ సత్రం గోడకు సున్నం కొట్టి, నీలిమందూ జేగురుమన్నూ తుమ్మబంకలో కలిపి, గోడంత సముద్రం గీశారు. మధ్యలో, ఒడ్డు ఇసుక మీంచి నీళ్ల వైపు పోతున్న పెద్ద తాబేలు. "చూడనిదాని మీద ఎవురికి మాత్రం ప్రేమ ఉంటాది? ముందు చూపిచ్చాల" అన్నారు.

మావాళ్లు చూశారు. చూసి కూర్మావతారమన్నారు! వారం తిరిగేసరికి తాబేలుకు పసుపు, కుంకుమ, టెంకాయలు. రంగులేసే ఇంటి పెద్దామె గోడకు దండం పెట్టుకుని, ఆ చేత్తోనే కడవెడు ఎర్రనీళ్లు ఏట్లో పోసింది. టెంకాయ చిప్పలూ వాడిన పూలూ కూడా ఏట్లోకే పోయాయి. అంతవరకూ లేని చెత్త అది.

"మొక్కేదానికి గీయలేదక్కా, చూసేదానికి గీసినా" అని మొత్తుకున్నారు అయ్యవారు.

"సముద్రం యాడుండాది, మనం యాడుండాము అయ్యోరా? మా బతుకులు మాకే శానా బరువు" అందామె. ఆమె అన్నదీ అబద్ధం కాదు.

మరునాడు ఆయన తాబేలు కన్ను మీద సున్నం పూసేశారు. కన్ను తెరవని బొమ్మకు మా వైపు ఎవరూ మొక్కరు. టెంకాయలు ఆగిపోయాయి. "ఏట్లో రంగునీళ్లు పోసేది నిలిపిన్నాడు కన్ను పెడతా" అని అందరి ముందూ చెప్పి, గట్టు మీద తానే గుంత తవ్వారు. అందులో పోస్తే రంగునీళ్లను మా ఎండ తాగేస్తుందని ఆయన ఆశ. ఎవరూ పోయలేదు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు అర్జీ పట్టుకుని అక్కడికీ వెళ్లి వచ్చారు. మీ జిల్లాకు సముద్రమే లేదు కదా అని నవ్వి పంపారట. ప్రతి వానాకాలం తర్వాతా వెలిసిన నీలిని మళ్లీ దిద్దేవారు. కన్ను జోలికి మాత్రం పోలేదు. చివరి ఏడు నిచ్చెన పట్టుకుని, "ఇంక చాలు, వదిలెయ్ సారూ" అన్నాను. "అలిసిపోయినానప్పా. అయినా అది ఇంకా నీళ్లలోకి చేరలేదే" అన్నారు.

మట్టి చేసి వచ్చిన మరునాడు రేవుకు వెళ్లాను. ఆ పెద్దామె నెత్తిన కడవతో వస్తోంది. గోడ దగ్గర ఆగింది. ఏట్లోకి దిగకుండా గట్టెక్కి, గొణుక్కుంటూ కడవ గుంతలో వంచింది. కింద మిగతా ఇళ్లవాళ్లు మామూలుగా ఏట్లో పోస్తూనే ఉన్నారు.

ఖాళీ కడవ చంకనేసుకుని ఆమె నా దగ్గరికొచ్చింది. "ఇంగ దానికి కన్ను ఎవురు పెడతారు సారూ?" అంది.

నాకు సున్నా కూడా గుండ్రంగా గీయడం రాదు. ఇద్దరం గోడ వైపు చూస్తూ నిలబడ్డాం. కన్ను ఉండాల్సిన చోట సున్నం తెల్లగా మెరుస్తోంది. గట్టు మీద గుంతలో ఎర్రనీళ్లు మెల్లగా ఇంకుతున్నాయి.